అరుగు మీది లెక్క

ముందుగది నేల కుంగిపోతోందని పోయిన నెలలో తాపీమేస్త్రిని పిలిపించాను. ఒకప్పుడు నాన్న మగ్గం ఉన్న గది అది. మగ్గం తీసేశాక నాన్న, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే ఆ గుంట మీద చెక్కపలకలు పరిచి, పైన మట్టి మెత్తాడు. అమ్మ అలికింది. దాని మీదే ఇన్నేళ్ళూ నడిచాము. ఇప్పుడు పలకలు పుచ్చిపోయాయి. మేస్త్రి వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పడేసి, గుంటలోకి దిగి, కాసేపటికి ఒక గుడ్డమూట పైకి అందించాడు. “ఏదో బరువుగా ఉందండీ. ముందు మీరే చూసుకోండి, తర్వాత నేను తీశానంటారు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. విప్పి చూస్తే లోపల ఇత్తడి మరచెంబు, నల్లగా మారిపోయి ఉంది. అడుగున చుక్కలు చుక్కలుగా “కో” అని కొట్టి ఉంది. ఆ అక్షరం చూడగానే గుర్తుపట్టాను. అది మా పక్కింటి కోటమ్మత్తయ్య చెంబు. నేను పదహారేళ్ళ వయసులో పెట్టిన ఒక లెక్కలో అది మొదటి గీత.

అదే వారంలో మా కాలనీ సంఘం సెక్రటరీ గారు ఒక రిజిస్టరు పట్టుకుని వచ్చారు. భవానీపురంలో ఇప్పుడు ఎటు చూసినా డాబాలే. ఎవరింట్లో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. ఈ మధ్య దొంగతనాలు పెరిగాయని, పోలీసువారికి అర్జీ పెట్టుకోవాలని సంఘం వాళ్ళు అనుకున్నారట. “వీధి వారీగా ఎన్ని జరిగాయో మీరు తేల్చి ఇవ్వాలండీ రత్నంగారూ. లెక్క మీ చేతి మీదుగా వెళితే ఎవరూ కాదనరు” అన్నారు. నేను చదివింది మూడో తరగతి వరకే. మిగతా లెక్కలన్నీ పడుగు పోగులు లెక్కపెడుతూ నాకు నేనే నేర్చుకున్నాను. ఇక్కడ ఎవరింట్లో పెళ్ళయినా ఎన్ని విస్తళ్ళు కావాలో, గోడ కట్టాలంటే ఎన్ని ఇటుకలు పడతాయో నన్నే అడుగుతారు. తప్పు పోయిన సందర్భాలు తక్కువ. సెక్రటరీ గారు రిజిస్టరు నా దగ్గర ఉంచి, వెళుతూ వెళుతూ, “మీ చిన్నప్పుడు ఇక్కడ ఇలాంటి భయాలు ఉండేవి కాదు కదండీ” అన్నారు. చెంబు అప్పటికి లోపల బియ్యం డబ్బా వెనక ఉంది.

అప్పుడు ఈ భవానీపురం బెజవాడకు బయట ఉండేది. మంగళగిరి నుంచి కృష్ణ దాటి వచ్చి స్థిరపడిన నేతవాళ్ళ ఇళ్ళు ఒకే వరసలో ఉండేవి. చివరి గదితో కలిపి పదకొండు. పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాగదీసి కట్టేవాళ్ళు. ఇంటింటి నుంచీ ఆడా మగా బయటికి వచ్చి, ఒకరు గంజి పట్టిస్తుంటే మరొకరు కుంచెతో దువ్వుతూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాళ్ళు. కాస్త పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, ఏటి మీద నుంచి వచ్చే గాలి కలిసి ఉండేవి. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా గంజి వారుస్తుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అన్నం కాదు, ఆ వీధి. పడుగు కట్టి ఉన్నంతసేపూ కొత్తమనిషి ఎవరూ మా వీధిలో నడవలేరు. దారే ఉండదు. తాళాల సంగతి మాకు తెలియదు. తలుపుకు లోపల గొళ్ళెం కూడా సరిగ్గా పడేది కాదు. గాలికి కొట్టుకోకుండా తలుపుకు అడ్డంగా రుబ్బురోలు పొత్రం పెట్టేది అమ్మ.

మాలో ఒక పద్ధతి ఉండేది. గడప లోపల ఉన్న వస్తువు ఎవరిది వాళ్ళది. అడగకుండా ముట్టుకునేవాళ్ళు కాదు. అరుగు మీద ఉన్నది మాత్రం అందరిదీ. చేంతాడు, చేట, జల్లెడ, చెంబు, ఏది కావాలన్నా వెళ్ళి తీసుకుని వాడుకుని మళ్ళీ అక్కడ పెట్టేయడమే. ఇంట్లో వాళ్ళను పిలిచి చెప్పడం కూడా ఉండేది కాదు. చెబితే వాళ్ళకే చిన్నతనంగా ఉండేది, “నేను వద్దంటానా ఏంటి?” అనేవాళ్ళు. తిరిగిచ్చేటప్పుడు మాత్రం ఖాళీగా ఇవ్వకూడదు. చెంబైతే గుప్పెడు పెసలో, చేటైతే నాలుగు వంకాయలో, ఏదో ఒకటి వేసి పెట్టాలి. ఒకసారి నేను జల్లెడ ఉత్తదే తీసుకెళ్ళి కోటమ్మత్తయ్య అరుగు మీద పెట్టి వస్తే అమ్మ నన్ను వెనక్కి పంపింది. “వట్టి జల్లెడ పెట్టి వచ్చావా? వాళ్ళింటికి మనమేం చెప్పినట్టు, మీకూ మాకూ చెల్లు అనా?” అంది. నేను రెండు ఉల్లిపాయలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.

యుద్ధం వచ్చాక నూలు రావడం తగ్గిపోయింది. ముందు వారానికి ఒకసారి, తర్వాత నెలకు ఒకసారి, తర్వాత కంట్రోలు కాగితం ఉన్నవాళ్ళకే. వీధిలో పడుగు కట్టడం ఆగిపోయింది. మగవాళ్ళు నూలు కోసం, బియ్యం కోసం వరసల్లో నిలబడడానికి పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళు. పట్టపగలు వీధి ఖాళీగా ఉండడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. మగ్గాల చప్పుడు లేకపోతే పగలు ఎంత పొడుగ్గా ఉంటుందో కూడా అప్పుడే తెలిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చివరి గదిలోకి రంగం వాళ్ళు వచ్చారు. బాంబులు పడుతుంటే బర్మాలోని రంగం నుంచి అడవుల గుండా నడిచి వచ్చిన మొగుడూ పెళ్ళాం. ఆయన పేరు సూరయ్య, వడ్రంగి. ఆవిడ చిట్టెమ్మ. ఆ గది మా వరసలో అందరికంటే పెద్దవాడైన వీరభద్రయ్య తాతయ్యది. వాళ్ళు దిగిన వారానికి మా అమ్మే చిట్టెమ్మను వెంటబెట్టుకుని వరసంతా తిప్పింది. అరుగుల పద్ధతి చెప్పింది. “నీకు చేట కావాలంటే అడగబోకు. తీసేసుకో. ఇచ్చేటప్పుడు మాత్రం వట్టిది ఇవ్వబోకమ్మా” అంది. చిట్టెమ్మ నవ్వి, “భలే ఊరండీ” అంది.

కోటమ్మత్తయ్య చెంబు కనపడకుండా పోయింది ఆ తర్వాతే. ఆవిడ రెండు రోజులు చూసింది. మూడో రోజు వీధిలో నిలబడి, “నా మరచెంబు ఎవరు తీశారో వాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యడానికి కూడా అది పనికి రాకూడదు” అని తిట్టింది. ఆ తిట్టు వినగానే వరసంతా ఒక్క క్షణం చప్పుడు లేకుండా అయిపోయింది. నాకు అది బాగా గుర్తుంది. వీరభద్రయ్య తాతయ్య నన్ను పిలిచి, “రత్నం, నువ్వు లెక్క పెట్టవే. ఎవరింట్లో ఏం పోయిందో రాసి ఉంచు. లెక్కంటూ ఉంటే మాట నిలబడుతుంది” అన్నాడు. ఆయన నన్ను ఒక పని అడగడం అదే మొదటిసారి. నాకు గర్వంగా అనిపించింది. కాగితం దొరికే రోజులు కావు. మా వీధి తలుపు వెనక బొగ్గుతో ఒక గీత గీశాను.

తర్వాత ప్రతి శనివారం ఇంటింటికీ వెళ్ళి, “మీ ఇంట్లో ఏమైనా పోయిందా?” అని అడిగేదాన్ని. అడగగానే వాళ్ళు చేస్తున్న పని ఆపి ఇల్లంతా ఒకసారి చూసేవాళ్ళు. “ఏమో, మా చేంతాడు కనపడి చాలా రోజులైంది” అనేవాళ్ళు ఒకరు. “మా చిన్న రోలు అరుగు మీదే ఉండాలే” అనేవాళ్ళు ఇంకొకరు. మొదటి నెలలో రెండు. రెండో నెలలో నాలుగు. మూడో నెలలో పదకొండు. నెల నెలకూ గీతలు పెరుగుతుంటే నాకు భయం వేసింది, దానితో పాటు నేను పెద్ద పని చేస్తున్నానన్న ఉత్సాహం కూడా కలిగింది. ఆ రెంటినీ ఇప్పటికీ విడదీయలేను. ఆ పదకొండులో ఒకటి వీరభద్రయ్య తాతయ్య ఇంట్లో పోయిన నూలు చిలపల కట్ట, చుట్టలుగా చుట్టి పెట్టుకున్న నూలు. అది అరుగు మీద ఉన్నది కాదు, గడప లోపల దూలానికి వేలాడదీసింది.

భయం పెరిగాక ప్రతి ఇంటికీ గడియ పెట్టించాలనుకున్నారు. పెట్టేది ఎవరు? వరసలో ఉన్న వడ్రంగి సూరయ్యే. పదిళ్ళకూ పది గడియలు చేశాడు. మా ఇంటికి వచ్చినప్పుడు తలుపు వెనక గీతలు చూసి, “ఇవేంటమ్మా?” అన్నాడు. పోయిన వస్తువులని చెప్పాను. ఆయన ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు.

“పదిహేడు. అబ్బో, పెద్ద లెక్కే. రంగంలో మేమూ లెక్కపెట్టేవాళ్ళం, ఇవాళ ఎన్ని బాంబులు పడ్డాయా అని. పక్కవీధి దాకా వచ్చాక లెక్క మానేసి నడక మొదలెట్టాం.”

“మీ ఇంట్లో ఏమైనా పోయిందా సూరయ్యగారూ?” అని అడిగాను. శనివారం కాకపోయినా అలవాటు కొద్దీ అడిగాను.

“మా ఇంట్లో పోవడానికి ఏముందమ్మా? నేనున్నాను, ఆవిడుంది. ఇద్దరం ఇక్కడే ఉన్నాం.” నవ్వి, గీతలు చెరగకుండా వాటికి జానెడు పైన గడియ బిగించాడు. చిట్టెమ్మకు అప్పటికి ఏడో నెల.

ఆ ఆదివారం మధ్యాహ్నం వీరభద్రయ్య తాతయ్య అరుగు మీద అందరూ కూర్చున్నారు. సూరయ్య ఊళ్ళోకి పనికి వెళ్ళాడు. నన్ను పిలిచి లెక్క చెప్పమన్నారు.

“ఎన్నమ్మా?”

“పదిహేడు తాతయ్యా.”

“ఎన్ని ఇళ్ళల్లో?”

“తొమ్మిది ఇళ్ళల్లో.”

“ఏమీ పోని ఇళ్ళు?”

“రెండు.”

“ఏవేవి?”

లెక్క అడిగితే లెక్క చెప్పడమే నాకు తెలుసు. “ఒకటి మాది. ఒకటి సూరయ్యగారి గది” అన్నాను.

తాతయ్య నాన్న వైపు చూసి, “మీది సరే” అన్నాడు.

ఆ రెండు మాటలతో అయిపోయింది. “నూలు చిలపలు వాళ్ళేం చేసుకుంటారు మావయ్యగారూ, మగ్గమా పాడా?” అని మా అమ్మ గడపలో నుంచి అంది. “అమ్ముకుంటారు” అన్నారెవరో. అమ్మ ఇంకేదో అనబోయి ఆగిపోయింది. నాన్న తల ఎత్తలేదు. నాతో మాత్రం, “లెక్క చాలు. లోపలికి పద” అన్నాడు. ఎప్పుడూ నాతో అంత కటువుగా మాట్లాడలేదు. నా లెక్కలో ఏదైనా తప్పు వచ్చిందేమోనని లోపలికి వెళ్ళి గీతలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. పదిహేడే ఉన్నాయి.

గది ఖాళీ చేయమని తాతయ్య సూరయ్యకు చెప్పాడు. దొంగలని ఎవరూ మొహం మీద అనలేదు. గది తనకే కావాలన్నాడు. చిట్టెమ్మ వచ్చి, “పురుడు వచ్చేదాకా ఉండనివ్వండి బాబాయిగారూ. ఇంకొక్క రెండు నెలలు. నడిచి నడిచి వచ్చాం, మళ్ళీ ఎక్కడికని నడవను?” అని అడిగింది. ఆయన, “పురుటికి మీ వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి గాని ఇక్కడేంటమ్మా” అన్నాడు. వాళ్ళ వాళ్ళు ఎవరూ మిగల్లేదని వరసంతటికీ తెలుసు. కంకిపాడు వైపు ఏదో రైసుమిల్లులో పని ఉందని విని అటు వెళదామనుకున్నారు.

వెళ్ళే రోజు పొద్దున చిట్టెమ్మ ఇంటింటికీ వచ్చింది. కోటమ్మత్తయ్యకు జల్లెడ తెచ్చి ఇచ్చింది. తాతయ్య ఇంటికి చిన్న రోలు, ఇంకో ఇంటికి చేంతాడు. జల్లెడలోనూ రోలులోనూ గుప్పెడు మునగాకు వేసి ఉంది. తాడుకు ఏం పెట్టాలో తెలియక రెండు మునగ రెమ్మలు చుట్టింది. “వట్టిగా ఇవ్వకూడదన్నారు కదండీ. ఇన్నాళ్ళూ పెట్టడానికి ఏమీ లేక ఉంచేశాను. నిన్న ఏటి గట్టున ఈ ఆకు దొరికింది. ఏమనుకోకండి” అంది. కోటమ్మత్తయ్య జల్లెడ అందుకుని, ఆవిడ నాలుగడుగులు వేశాక, “చూశారా, తన చేత్తో తానే తెచ్చి ఇచ్చింది. ఇంకేం కావాలి?” అంది. అక్కడున్న వాళ్ళంతా తల ఊపారు. నేనూ అక్కడే ఉన్నాను. చిట్టెమ్మ అన్న మాట నా చెవిన పడింది. అప్పుడు నాకు పట్టిన సందేహం ఒక్కటే. ఈ మూడు గీతలు తుడిచెయ్యాలా, ఉంచాలా? తిరిగొచ్చిన వస్తువు పోయినట్టా, పోనట్టా? ఎవరినీ అడగలేదు. గీతలు అలాగే ఉంచేశాను.

వాళ్ళు వెళ్ళాక కూడా రెండు నెలలు శనివారం శనివారం తిరిగాను. ఒక్కటి కూడా పోలేదన్నారు. సున్నా. “ఇంకా సందేహమా?” అన్నాడు తాతయ్య. నాకు కూడా అప్పుడు సందేహం లేదు. సందేహం వచ్చింది యుద్ధం అయిపోయి, గింజలు కాస్త దొరకడం మొదలయ్యాక. ఒక పొద్దున ఎవరింటి అరుగు మీదో పాత చేట కనపడింది, అందులో గుప్పెడు కందులు. ఇంకో వారం ఇంకొకరి అరుగు మీద గిన్నె. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు కూడా. వస్తువు లోపల పెట్టుకుని, గింజలు చెరిగి వండుకునేవాళ్ళు. అలా ఆరు వచ్చాయి. ఆరింటికీ నా దగ్గర గీతలున్నాయి. అప్పటికి మా ఇంట్లో మగ్గం లేదు. నాన్న ఊళ్ళో బట్టల కొట్టులో పనికి కుదిరాడు. గుంట మీద పలకలు పరిచేసి చాలా కాలమైంది.

ఇప్పుడు ఈ చెంబు. ఇంటికి ఒక్కతే కూతుర్ని కావడంతో ఈ ఇల్లు నాకు వచ్చింది, ఇంటితో పాటు ఇదీ వచ్చిందన్నమాట. మేస్త్రి వెళ్ళాక మూత తిప్పి చూశాను. సులువుగా రాలేదు, వంటింట్లో నూనె తెచ్చి పోయాల్సి వచ్చింది. లోపల గుప్పెడు పెసలు ఉన్నాయి. పురుగు పట్టి పిండైపోయాయి గాని పెసలేనని పొట్టును బట్టి తెలుస్తోంది. అంటే ఎవరో దాన్ని తిరిగివ్వడానికి సిద్ధం చేశారు. అరుగు మీద నుంచి తెచ్చుకున్నారు, పెట్టడానికి గింజలు లేక ఆగారు, ఎలాగో గుప్పెడు దొరికాక వేసి మూత బిగించారు. ఆ తర్వాత ఇవ్వలేదు. ఎందుకివ్వలేదంటే, అప్పటికి అది చెంబు కాదు, గీత. ఇచ్చినవాళ్ళు దొంగలవుతారు. గీత గీసింది నేను.

పెసలు వేసి దాచింది అమ్మా, నాన్నా? అది తేలడం లేదు. గుడ్డ నాన్న నేసిన తువ్వాలు ముక్క. మూట కట్టిన ముడి అమ్మది. ఇద్దరికీ తెలుసా, ఒకరికి తెలియకుండా ఒకరు దాచారా? నాన్న తల ఎత్తకపోవడం తెలిసా, తెలియకా? అమ్మ ఏదో అనబోయి ఆగిపోయింది, ఏమని? ఇద్దరూ పోయారు. అడిగేందుకు ఎవరూ లేరు. లెక్క మాత్రం మళ్ళీ వేసి చూశాను. పదిహేడులో చిట్టెమ్మ ఇచ్చినవి మూడు, అరుగుల మీదకు వచ్చినవి ఆరు, ఈ చెంబు ఒకటి. పోగా ఏడు. అందులో నూలు కట్ట నిజంగా దొంగతనమే, కానీ నూలుతో పని ఉన్నది మా పదిళ్ళకే. ఇంకా ఆరు ఉన్నాయి. ఆ ఆరూ ఎవరి గుంటల్లో ఉన్నాయో, లేక నిజంగానే ఎవరైనా ఎత్తుకుపోయారో చెప్పలేను. వీధి ఖాళీగా ఉన్న రోజులవి. దొంగలు అసలు రాలేదని కూడా అనలేను కదా. చిట్టెమ్మకు పుట్టవలసిన బిడ్డకు ఈ ఏటికి ఎన్నేళ్ళో మాత్రం నాకు తెలుసు. పుట్టి ఉంటే.

కోటమ్మత్తయ్య కొడుకు మంగళగిరిలో బట్టల వ్యాపారం చేస్తున్నాడు. నాకంటే చిన్నవాడు. చెంబు చింతపండుతో తోమి, కొత్త పెసలు నింపి, బస్సెక్కి వెళ్ళాను. అతను కొట్టు కుర్రాడికి అప్పగించి లేచి వచ్చాడు. చెంబు చేతిలో పెట్టి, మీ అమ్మది అన్నాను.

“మా అమ్మదా? అది రంగం వాళ్ళు ఎత్తుకుపోయారు కదక్కయ్యా. చచ్చేదాకా వాళ్ళను తిట్టుకుంటూనే ఉండేది.”

“అడుగున చూడు.”

బోర్లించబోయాడు. లోపల గింజలున్నాయని చెబితే పళ్ళెంలో పోయించి, తిప్పి చూశాడు. “కో” మీద వేలు పెట్టి చాలాసేపు తడిమాడు.

“ఎక్కడ దొరికింది?”

“మా ఇంట్లో. మగ్గం గుంటలో. మొదటి నుంచీ అక్కడే ఉంది. వాళ్ళు తియ్యలేదు.”

నేను అనుకున్నవన్నీ వేరు. కోప్పడతాడనుకున్నాను. కనీసం రంగం వాళ్ళ గురించి ఒక మాట అంటాడనుకున్నాను. అతను తేలికపడినట్టు నవ్వాడు.

“మీ ఇంట్లోనా? ఇంకేం మరి. మీ ఇంట్లో ఉంటే పోయినట్టెలా అవుతుంది అక్కయ్యా?” అన్నాడు. లోపలికి కేకేసి నాకు కాఫీ తెప్పించాడు.

తిరిగి వచ్చేసరికి సెక్రటరీ గారు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. “ఎంత తేలిందండీ?” అన్నారు. వీధి వారీగా రాసి ఉంచిన రిజిస్టరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దొంగతనాలు అన్నచోట కొట్టేసి, కనపడనివి అని రాశాను. కూడిక వెయ్యలేదు. ఆయన పేజీలు తిప్పి, “రెండూ ఒకటే కదండీ” అన్నారు. ఏమో తెలియదండీ అన్నాను. నేను లెక్క రాక ఊరుకున్నానని ఆయన అనుకోలేదు, ఒంట్లో బాగా లేదనుకున్నారు. రెండు రోజులు ఆగి వస్తామని, ఈలోపు తలుపుకు మంచి తాళం కొనుక్కోమని చెప్పి వెళ్ళారు. ఆయన సందు తిరిగాక తలుపు వేసుకున్నాను. మూడు సార్లు రంగులు వేయించినా గీతలు ఇంకా లీలగా కనపడతాయి. వాటికి జానెడు పైన సూరయ్య బిగించిన గడియ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా జారలేదు.